పాలరోగం మీ తప్పు కాదు, చెల్లీ

చెల్లీ, నాలుగో జ్వరం (పొర విడిచే నిద్ర) దాటి గలగలా ఆకు మేస్తున్న పట్టుపురుగులు ఉన్నట్టుండి మేత మానేసి, తట్ట అంచుల వెంట తిరగడం మొదలుపెడితే గుండె ఎలా జారిపోతుందో హిందూపురం, పెనుకొండ పల్లెల్లో పట్టు పెంచే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఒళ్లు నిగనిగలాడి, కణుపులు ఉబ్బి, తాకితే చిట్లి పాలలాంటి ద్రవం కారుతుంది. అదే పాలరోగం. ఇంకో పది పన్నెండు రోజుల్లో గూళ్లు మార్కెట్టుకు పోవాల్సిన పంట! అప్పుడు కొన్ని ఇళ్లలో నింద నీ మీదికే వస్తుంది. దిష్టి అంటారు, మైల అంటారు, ముట్టుతో షెడ్డులోకి వెళ్లావంటారు. ఆ మాట వింటే నాకు కడుపు మండుతుంది.

అసలు కారణం బీఎంఎన్‌పీవీ అనే వైరస్. ఆకుతో పాటు పురుగు కడుపులోకి చేరుతుంది. పురుగు మాత్రం ఊరికే లొంగిపోదమ్మా. దాని కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏలని బుల్లి ఆర్‌ఎన్‌ఏలుంటాయి. అవి ప్రొటీన్లు తయారుచేయవు, ఏ జన్యువు ఎంత పనిచేయాలో అదుపు చేస్తాయి. వాటిలో మిర్-8 అనేది వైరస్ మొట్టమొదట వాడుకునే జన్యువునే అణచేస్తుంది.

ఈ మైక్రో ఆర్‌ఎన్‌ఏలు కణ కేంద్రకంలో పుట్టి బయటికి రావాలి. అందుకు రాన్ అనే ప్రొటీన్ తోడు కావాలి. వైరస్ తన సొంత మైక్రో ఆర్‌ఎన్‌ఏను వదిలి ఆ రాన్‌నే తగ్గించేస్తుంది. కాపలావాళ్ల గదికి దొంగ బయటినుంచి గొళ్లెం పెట్టినట్టన్న మాట. పురుగు రక్షణ తగ్గిపోతుంది, వైరస్ పెరిగిపోతుంది. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ అనే పరిశోధన సంస్థలో డాక్టర్ జె. నాగరాజు బృందం 2012లో ఈ గుట్టు బయటపెట్టింది. వైరస్ వదిలే ఆ ఆర్‌ఎన్‌ఏను అడ్డుకుంటే వైరస్ పెరుగుదల తగ్గిందని కూడా చూపింది. 2013లో అదే బృందం, చిన్న ఆర్‌ఎన్‌ఏలతోనే వైరస్ జన్యువులను అణచి రోగాన్ని తట్టుకునే పురుగులను తయారుచేసిన వివరాలు ప్రచురించింది.

ఆ దారి పరిశోధకులది. సోకిన పురుగును బాగుచేసే మందు లేదు కనుక, వైరస్‌ను గడప బయటే ఆపడం మన పని. పంట దిగగానే షెడ్డు, తట్టలు, పురుగులు గూళ్లు కట్టే చంద్రికలు బ్లీచింగ్ పౌడరు, సున్నం కలిపిన నీళ్లతో కడగాలి. ప్రతి మేతకు ముందు చేతులు కడుక్కోవాలి. రోగం పురుగు చిట్లకముందే ఏరి, సున్నం వేసి లోతుగా పాతిపెట్టాలి. కోళ్లకు వేయొద్దు, తోటలోకి విసరొద్దు. షెడ్డులో వేడి ఒక్కసారిగా పెరగకుండా, తగ్గకుండా చూసుకోవాలి. అనుమానం వస్తే హిందూపురం పక్కన కిరికెరలోని పట్టు పరిశోధన సంస్థను అడగాలి.

ధర్మవరం చీర మెరవాలంటే ముందు పురుగు బతికి గూడు కట్టాలి. ఆ పురుగుకు వేళకు ఆకు వేసేది నువ్వే. ఈసారి ఎవరైనా ముట్టు, మైల అంటే ఊరుకోకు చెల్లీ. ఇది వైరస్ పని అని ధైర్యంగా చెప్పు, చీపురూ సున్నం బకెట్టూ వాళ్ల చేతికీ ఇవ్వు.