చేతికందని ప్రాణవాయువు

1875 ఏప్రిల్ 15న పారిస్ నగరం నుండి ‘జెనిత్’ అనే బెలూన్ ఆకాశంలోకి లేచింది. అందులో టిస్సాందియే, సివెల్, క్రోచే-స్పినెల్లి అనే ముగ్గురు ఉన్నారు. పైన గాలి పలుచగా ఉంటుందని వారెరుగుదురు. అందుకే ప్రాణవాయువు కలిపిన గాలి సంచులను వెంట తీసుకువెళ్ళారు.

మనం పీల్చిన ప్రాణవాయువును, అంటే ఆక్సిజన్‌ను, రక్తంలోని హిమోగ్లోబిన్ ఒళ్ళంతా మోసుకుపోతుంది. ఆరోగ్యవంతుని ధమనులలో నూటికి 95 పాళ్ళకు తగ్గకుండా హిమోగ్లోబిన్ ప్రాణవాయువుతో నిండి ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పీడనం తగ్గి, ప్రాణవాయువు రక్తంలోకి చాలినంత చేరదు. మొదట దెబ్బ తినేది మెదడు. విచిత్రమేమంటే, నొప్పి తెలియదు!

ఏడున్నర వేల మీటర్ల ఎత్తున టిస్సాందియేకు భయం కలగలేదు, సంతోషం కలిగింది. సంచి గొట్టం అందుకోబోతే చెయ్యి లేవలేదు. ఎనిమిది వేల మీటర్లకు చేరామని అరవబోతే నాలుక కదలలేదు. స్పృహ తప్పింది. చివరకు తెలివి వచ్చి చూస్తే మిత్రులిద్దరూ చనిపోయి ఉన్నారు. బెలూన్ దాదాపు 8,600 మీటర్లు ఎక్కినట్లు తరువాత పరికరాల వల్ల తెలిసింది.

శరీరం చెప్పని ఈ లోటును నేడు వేలికి తగిలించే ఆక్సీమీటరు చెబుతుంది. ప్రాణవాయువు నిండిన రక్తం ఎర్రని కాంతిని తక్కువగా, ప్రాణవాయువు లేని రక్తం ఎక్కువగా పీల్చుకుంటాయి. నాడి కొట్టుకునేటప్పుడు ఈ తేడాను కొలిచే ఉపాయాన్ని 1974లో జపాన్ ఇంజనీరు తకువో అవొయాగి వెల్లడించారు.