ధ్వనికి, దృశ్యానికి ఏ ప్రాసెసర్? - ఒక పరిశీలన



ఇది కంప్యూటర్ యుగమని వేదిక ఎక్కిన ప్రతివారూ చెబుతున్నారు. నిజమే. మన వార్షికోత్సవంలో పాడిన పాట, వేసిన నాటిక తెల్లవారేసరికి అందరి సెల్‌ఫోన్లలోకి చేరిపోతున్నాయి. కానీ ఆ పాటను, ఆ బొమ్మను తయారుచేసే యంత్రం లోపల ఏం జరుగుతుందో, కొనేటప్పుడు దేన్ని చూసి కొనాలో మనలో ఎందరికి తెలుసు? సైన్సు విద్యార్థినై ఉండి నాకే తెలియలేదు. తెలియక నేను పోగొట్టుకున్నదే ఈ వ్యాసానికి కారణం.

మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. వరి, పత్తి తప్ప వేరే ఆధారం లేని ఇల్లు. నేను డిగ్రీలో చేరిన ఏడు పత్తి అమ్మిన డబ్బులు మా నాయన లెక్కపెట్టి నా చేతిలో పెట్టి, "మంచిది చూసి కొనుక్కో బిడ్డా, మళ్ల మళ్ల కొనలేం" అన్నాడు. నగరంలో ఒక దుకాణానికి పోయి అడిగితే, "గిగాహెర్ట్జులు ఎక్కువున్నది తీసుకో, పాటలకైనా వీడియోలకైనా ఇదే బెస్టు" అని పల్చటి లాప్‌టాప్ ఒకటి అంటగట్టారు.

సంక్రాంతి సెలవుల్లో ఇంటికి పోయి మా నాయనమ్మ చేత నాటు పాటలు పాడించి రికార్డు చేశాను. ఆమె పాడుతుంటే హెడ్‌ఫోన్లలో వినాలని, సొంపుగా ఉండాలని ప్రతిధ్వని కూడా కలిపాను. "ఇంకెన్ని పాడాలె బిడ్డా" అంటూనే రెండు గంటలు పాడింది. తార్నాకలోని గదికి వచ్చి విన్నాను. పాట మధ్య మధ్య టప్ టప్‌మని చప్పుడు. కొన్నిచోట్ల మాట సగంలోనే తెగిపోయింది. ఎండాకాలం సెలవుల్లో మళ్లీ పాడిద్దామనుకున్నాను. ఎండాకాలం దాకా ఆమె లేదు.

ఆ వారమే మా పొలంలో నాట్లు వేస్తుంటే గట్టు మీది నుంచి సెల్‌ఫోన్‌తో వీడియో తీశాను. దాన్ని అదే లాప్‌టాప్‌లో ఎడిట్ చేస్తే తయారు కావడానికి రాత్రంతా పట్టింది. కానీ పొద్దుటికి ఒక్క లోపం లేకుండా వచ్చింది. ఒకే యంత్రం ఒక పనిలో రాత్రంతా ఆలస్యం చేసి కూడా నెగ్గింది, ఇంకో పనిలో రెప్పపాటు ఆలస్యానికే ఓడింది. ఎందుకు? సమాధానం వెతుక్కుంటూ తెలుసుకున్నది మీ ముందు పెడుతున్నాను.

1. ముందు లెక్క

కంప్యూటర్‌కు ధ్వని అయినా, బొమ్మ అయినా అంకెలే. సి.డి. నాణ్యతతో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలుస్తారు. ఒక్కో కొలతకు 16 బిట్లు, కుడి ఎడమలకు రెండు వరుసలు. అంటే సెకనుకు 1,76,400 బైట్లు. ఇక ఫుల్ హెచ్.డి. బొమ్మలో అడ్డం 1920, నిలువు 1080, మొత్తం 20,73,600 చుక్కలు. చుక్కకు 3 బైట్లు, సెకనుకు 25 బొమ్మలు వేసుకుంటే సెకనుకు సుమారు 15 కోట్ల 55 లక్షల బైట్లు. ధ్వనికంటే దాదాపు 880 రెట్లు! ఫోర్ కె అయితే ఇంకో నాలుగింతలు.

ఈ అంకెలు ఎంత పెద్దవో మన ఊరి చరిత్రతోనే పోల్చుకోవచ్చు. తార్నాకలో బస్సెక్కితే ఇ.సి.ఐ.ఎల్. చౌరస్తా ఎంతో దూరం కాదు. 1967లో స్థాపించిన ఆ సంస్థే ట్రాంబేలో రూపుదిద్దుకున్న టి.డి.సి.-12 కంప్యూటర్‌ను 1969లో తయారుచేసింది. అది 12 బిట్ల యంత్రం. 12 బిట్లలో 4,096 అంతరాలే పడతాయి. 16 బిట్ల ధ్వనికి 65,536 అంతరాలు కావాలి. అంటే నేటి పాటలోని ఒక్క కొలత కూడా ఆనాటి యంత్రపు ఒక్క మాటలో పట్టదు. 1984 ఆగస్టు 15న యు.జి.సి. దూరదర్శన్‌లో 'కంట్రీవైడ్ క్లాస్‌రూమ్' మొదలుపెట్టిన రోజుల్లో కూడా ఎడిటింగ్ అంటే ఒక టేపు నుంచి ఇంకో టేపుకు ఎక్కించడమే. ఆ పని ప్రాసెసర్ నెత్తిన పడింది తర్వాతనే.

2. ధ్వని - వంతు నీరు

880 రెట్లు తక్కువ గనక ధ్వని సులువు అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. కానీ ధ్వనికి గడువుంది.

కాలువ కింద పొలమున్నవారికి వంతు నీళ్ల సంగతి తెలుసు. మన వంతు వచ్చేసరికి మడవ తీసి ఉంచకపోతే నీళ్లు కిందికి పోతాయి. మళ్లీ వెనక్కి రావు. ధ్వనిని రికార్డు చేసే కంప్యూటర్ కూడా కొలతలను కొన్నికొన్నిగా బఫరు అనే చిన్న తొట్టిలోకి తీసుకుంటుంది. సెకనుకు 48,000 కొలతల వేగంలో 128 కొలతల బఫరు పెడితే తొట్టి నిండడానికి పట్టేది సుమారు 2.7 మిల్లీసెకన్లు. ఆ లోపల ముందు తొట్టి పని ముగించాలి. ముగించకపోతే కొన్ని కొలతలు జారిపోతాయి. అదే మనకు వినిపించే 'టప్'. బఫరును 1,024కు పెంచితే గడువు సుమారు 21 మిల్లీసెకన్లు అవుతుంది. యంత్రానికి ఊపిరి ఆడుతుంది గానీ పాడేవాళ్లకు తమ గొంతు హెడ్‌ఫోన్లలో ఆలస్యంగా వినబడుతుంది.

నేను చేసిన తప్పేమిటంటే, బఫరు 64కు తగ్గించాను. గడువు 1.3 మిల్లీసెకన్లే. పైగా ప్రతిధ్వని లెక్క కూడా అప్పుడే చేయమన్నాను. ఒక గొంతు మీద వరుసగా చేసే పనుల్లో ఒకటి అయితేగాని రెండోది మొదలుకాదు. అందుకని ఎన్ని కోర్లున్నా ఆ వరుసను ఒక్క కోరే మోయాలి. కాబట్టి తక్కువ బఫరుతో రికార్డు చేసేవారు చూడాల్సింది ఒక్కొక్క కోరు ఎంత చురుకైనది, ఆ చురుకు నిలకడగా ఉందా అని. వేర్వేరు గొంతులు, వాద్యాలు అనేకం ఉన్న పాటను తర్వాత కలిపేటప్పుడు మాత్రం వాటిని కోర్లు పంచుకోగలవు.

3. దృశ్యం - నాట్లు

తయారైన వీడియోను ఫైలుగా రాయడం నాట్లవంటిది. ఎంతమంది కూలీలు దిగితే అంత త్వరగా మడి నిండుతుంది. ఒక పూట ఆలస్యమైతే కొంప మునగదు. ఇక్కడ కోర్ల సంఖ్యకు విలువ ఉంది.

అయితే దానికీ ఒక హద్దుంది. 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన సూత్రమిది. పది గంటల పనిలో రెండు గంటలు ఒక్కరే చేయాల్సినది, ఎనిమిది గంటలు పంచుకోదగినది అనుకుందాం. నలుగురైతే 4 గంటలు, ఎనిమిది మందైతే 3 గంటలు, పదహారు మందైతే రెండున్నర గంటలు. ఊరంతా దిగినా రెండు గంటలకు తగ్గదు. నాలుగు కోర్ల నుంచి ఎనిమిదికి పోతే గంట మిగిలింది, ఎనిమిది నుంచి పదహారుకు పోతే అరగంటే మిగిలింది. డబ్బు మాత్రం అట్లా తగ్గుతూ పోదు!

2015లో వచ్చిన 'బాహుబలి'కి గ్రాఫిక్స్ చేసిన సంస్థల్లో హైదరాబాద్‌కు చెందిన మకుట వి.ఎఫ్.ఎక్స్. ఒకటి. ఇటువంటి పనుల్లో ఒక్కొక్క బొమ్మను విడిగా లెక్కకట్టవచ్చు గనక అనేక కంప్యూటర్లకు పంచుతారు. ఆ కంప్యూటర్ల గుంపును రెండర్ ఫార్మ్ అంటారు. అదీ వ్యవసాయమేనని తెలిసి మా నాయన నవ్వాడు.

4. గొర్రు, కోత మిషను

గొర్రుతో విత్తితే ఒకే సాలుకు నాలుగైదు వరుసలు పడతాయి. 1997లో ఇంటెల్ పెంటియంలోకి వచ్చిన ఎం.ఎం.ఎక్స్. అటువంటిదే. ఒక్క ఆజ్ఞతో 8 బిట్ల అంకెలు ఎనిమిదింటి మీద పని జరుగుతుంది. 2013లో వచ్చిన ఎ.వి.ఎక్స్.2తో అవి 32 అయ్యాయి. ధ్వనికి, దృశ్యానికి రెండింటికీ ఇది మేలే.

వరికోత మిషను వేరు. గంటలో మడి కోస్తుంది గానీ పత్తి తీయమంటే తీయదు. 2011లో ఇంటెల్ ప్రవేశపెట్టిన క్విక్ సింక్ ఇట్లాంటి ప్రత్యేక వలయం. హెచ్.264 వంటి పద్ధతుల్లో వీడియోను కుదించడం, విప్పడం దాని పని. ప్రాసెసర్ ఎంత చిన్నదైనా ఈ వలయం ఉంటే వీడియో పని చకచకా అవుతుంది. తొందర లేకుండా కోర్లతోనే కుదిస్తే తరచు అదే నాణ్యతకు ఫైలు ఇంకా చిన్నదవుతుంది. పాటకు ఈ వలయంతో ఒరిగేదేమీ లేదు.

5. ఒక పోలిక

2017 జనవరిలో ఇంటెల్ కోర్ ఐ7-7700కె వచ్చింది. 4 కోర్లు, 4.2 గిగాహెర్ట్జ్, అవసరమైతే 4.5. అదే ఏడు మార్చిలో ఎ.ఎం.డి. రైజెన్ 7 1700 వచ్చింది. 8 కోర్లు, 3.0 గిగాహెర్ట్జ్, అవసరమైతే 3.7. అమెరికాలో ధరలు 339, 329 డాలర్లు, అంటే దాదాపు సమానం. కోర్లతో వీడియో కుదించే పనిలో ఎనిమిది కోర్లదే పైచేయి. ఒక్క కోరు మోసే పనిలో మొదటిదే ముందు. అదే సొమ్ముకు రెండు రకాల సరుకు. ఏది గొప్పదని అడిగితే జవాబు లేదు. ఏ పనికి అని అడిగితేనే జవాబు ఉంది.

గిగాహెర్ట్జులు ఒక్కటే చూస్తే ఇంకా మోసపోతాం. 2004లోనే పెంటియం 4 గడియారం 3.8 గిగాహెర్ట్జ్ చేరింది. 2020లో వచ్చిన ఆపిల్ ఎం1 గడియారం 3.2 మాత్రమే. అయినా ఒక్కో కోరు చేసే పనిలో ఎం1 దాన్ని ఎంతో మించిపోయింది. గడియారం ఎన్నిసార్లు కొట్టిందన్నది కాదు, కొట్టిన ప్రతిసారీ ఎంత పని అయిందన్నది ముఖ్యం.

ఇక వేడి. డబ్బా మీద రాసే పెద్ద అంకె కొద్దిసేపటిదే. పల్చటి లాప్‌టాప్‌లో గాలి ఆడక వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. పొద్దున ఉరికిన ఎద్దు మధ్యాహ్నానికి మొండికేసినట్టు.

6. కొనేవారికి నాలుగు మాటలు

ఒకటి: మీరు ఎక్కువగా చేసే పని ఏదో ముందు రాసుకోండి. రికార్డింగా, మిక్సింగా, వీడియోనా?

రెండు: మీ సొంత ఫైలు పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోయి, వీలైతే స్నేహితుల యంత్రాల మీద చేసి చూడండి. ఒకే ఫైలు, ఒకే సాఫ్ట్‌వేర్, కరెంటు తగిలించి. మొదటి అయిదు నిమిషాలు కాదు, అరగంట తర్వాత ఎట్లా ఉందో చూడండి. ప్రయోగశాలలో ఒక్కటి తప్ప మిగతావన్నీ మార్చకుండా ఉంచమని మన లెక్చరర్లు చెప్పేది ఇదే కదా!

మూడు: ఉన్న యంత్రంతోనే వీడియో ఎడిటింగ్ తడబడుతుంటే, ప్రాక్సీ అనే చిన్న నకళ్లతో ఎడిట్ చేసి చివర్లో అసలు ఫైళ్లతో రాయించండి. కొత్తది కొనే ఖర్చు తప్పవచ్చు.

నాలుగు: తిరిగి దొరకని గొంతును రికార్డు చేసేటప్పుడు బఫరు పెద్దది పెట్టండి. ప్రతిధ్వని వంటి సొగసులన్నీ తర్వాత. అట్లా చేస్తే నా పల్చటి లాప్‌టాప్ కూడా ఆ పని చేయగలిగేదే. తప్పు సగం దుకాణానిది, సగం నాది.

ఆలస్యమైన బొమ్మ పొద్దుటికైనా వస్తుంది. ఆలస్యమైన ధ్వని ఇక రాదు. ఈ ఒక్క మాట ముందే తెలిసి ఉంటే మా నాయనమ్మ పాటలు మా ఇంట్లో ఉండేవి. వాటిలో సగం మా మేనత్తకు వచ్చునట. ఈ సెలవుల్లో ఆమె దగ్గరికి పోతున్నాను, బఫరు 1,024 పెట్టుకొని. మీ ఇళ్లలోనూ అట్లా పాడేవాళ్లు, కథలు చెప్పేవాళ్లు ఉంటారు. కొత్త ప్రాసెసర్ వచ్చేదాకా ఆగకండని నా మనవి.