జీరో ఎఫ్‌ఐఆర్: ‘మా పరిధి కాదు’ అంటే కుదరదు

2019 నవంబరులో శంషాబాద్ వద్ద పశువైద్యురాలు కనిపించడం లేదని కుటుంబసభ్యులు ఫిర్యాదుకు వెళ్లినప్పుడు, ఘటన ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందన్న దగ్గరే విలువైన సమయం పోయింది. ముగ్గురు పోలీసులు సస్పెండ్ అయ్యారు. జీరో ఎఫ్‌ఐఆర్ ఎంత అవసరమో తెలుగు నేలకు తెలిసింది అప్పుడే.

నేరం ఎక్కడ జరిగినా, కాగ్నిజబుల్ నేరమైతే (వారెంట్ లేకుండా పోలీసులు అరెస్టు చేయగలది) ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ‘సున్నా’ నంబరుతో నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేస్తారు. అక్కడ దానికి మామూలు నంబరు పడుతుంది. 2012 ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత జస్టిస్ జె.ఎస్. వర్మ కమిటీ దీనిపై గట్టిగా చెప్పింది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 173వ సెక్షన్ దీనికి చట్టబద్ధత ఇచ్చింది. పాత సీఆర్‌పీసీలో ఎఫ్‌ఐఆర్ సెక్షన్ 154. పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఈ అంకెల దగ్గరే.

ఆన్‌లైన్‌లో ఫిర్యాదు చేస్తే 3 రోజుల్లో సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ ప్రతి ఉచితం.

లలితా కుమారి కేసులో (2013) సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎఫ్‌ఐఆర్ నమోదు తప్పనిసరి అంది. కొత్త చట్టం మాత్రం 3 నుంచి 7 ఏళ్లలోపు శిక్ష పడే నేరాల్లో, డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణకు వీలిచ్చింది. నా దృష్టిలో ఇది బాధితులకు నష్టమే. పలుకుబడి లేనివారి ఫిర్యాదులు ఇక్కడే నిలిచిపోయే ప్రమాదముంది. స్టేషన్ అధికారి (ఎస్‌హెచ్‌ఓ) ఎఫ్‌ఐఆర్ నమోదుకు నిరాకరిస్తే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అక్కడా కదలిక లేకుంటే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు.