పొలము గట్టున పూలు – బంబుల్ తుమ్మెదల పాఠము

ఇంటి వాసములను తొలిచి కాపురముండు నల్లని తుమ్మెదను మనలో ఎరుగనివారుండరు. దానికి దూరపు బంధువు బంబుల్ తుమ్మెద. ఒడలెల్ల దట్టమైన నూగు గల ఈ కీటకము చల్లని దేశములలో అధికము. మన దేశమున హిమాలయ ప్రాంతములందు కానవచ్చును. ఇంగ్లండులో దీనికి పట్టిన గతి వ్యవసాయమునకు ఒక గుణపాఠము.

తేనెటీగవలె ఇది తేనెను విస్తారముగా కూడబెట్టదు; గూటిలో కొద్ది రోజుల ఆహారమే నిలువయుండును. శరత్తు ముగియగానే గూడంతయు నశించి, కొత్త రాణులు మాత్రమే నేలలో దాగి చలికాలము గడపును. కావున వసంతము మొదలు శరత్తు వరకు పూలు ఎడతెగక లభింపవలెను.

పూర్వము ఆంగ్ల రైతులు భూసారము కొరకు ఎర్ర క్లోవరు పైరు వేసెడివారు. రెండవ ప్రపంచ యుద్ధానంతరము రసాయనిక ఎరువులు వ్యాపించుటతో ఆ పైరు తగ్గెను. 1930 దశకము నుండి 1984 నాటికి ఇంగ్లండు, వేల్సులలో పూల పచ్చిక బయళ్లు నూటికి 97 వంతులు అంతరించెను. పొట్టి రోమముల బంబుల్ తుమ్మెద అచట కడపటిసారి 1988లో డంజెనెస్ వద్ద కనిపించెను. క్లోవరు గింజ పట్టుటకై 1885లో ఇంగ్లండు నుండి న్యూజిలాండుకు ఓడలో పంపబడినవి ఈ తుమ్మెదలే! బంధువులు పరదేశమున నిలిచిరి, పుట్టినింట దీపమారెను.

2012లో స్వీడన్ నుండి రాణులను తెచ్చి డంజెనెస్ వద్ద విడిచిరి. పరిసర రైతులు పొలము అంచులలో క్లోవరు మొదలగు పూలమొక్కలు విత్తిరి. ఆ జాతి మరల స్థిరపడలేదు. కాని ఆ పూలను ఆశ్రయించి, చాలకాలముగా కానరాని ఇతర అరుదైన బంబుల్ తుమ్మెదలు తిరిగి వచ్చినవి. పోయినదానిని తెచ్చుట దుష్కరము. ఉన్నదానిని నిలుపుట సుకరము.

ఇందుకు చేయవలసినది స్వల్పమే: వేర్వేరు ఋతువులలో పూయు మొక్కలను కలిపి విత్తుట, గట్టు గడ్డిని ఒకేసారి కోయకుండుట, పూతవేళ పురుగుమందు చల్లకుండుట.

వంగ, టమాట పూలలో పుప్పొడి సన్నని గొట్టములలో దాగియుండును. దేహమును కంపింపజేసి దానిని రాల్చు విద్య తేనెటీగకు లేదు. బంబుల్ తుమ్మెదకును, మన నల్ల తుమ్మెదకును కలదు. కావున గట్టుమీది తంగేటి పొదను, ఎండిన మోడును నరుకుటకు ముందు విద్యార్థి మిత్రులు ఒక క్షణమాగి, అచట ఎవరి కాపురమున్నదో చూడవలెను.