గోపురము కట్టకమునుపు లెక్క
పై చదువులను గూర్చిన పాఠము

పాఠ్యభాగము: లూకా 14:28–30
తోడు వచనములు: నిర్గమ 31:1–6, సామెతలు 22:7, సామెతలు 24:16, యాకోబు 4:13–15



పదియవ తరగతి, ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చు దినములలో మన బొంగులూరులోను, చుట్టుపట్ల గ్రామములలోను ప్రతి యింట ఒకే మాట వినబడును: పిల్లవానిని ఇక ఏమి చదివింపవలెను? ఆ మాట వెనుక మరియొకటి దాగియుండును: డబ్బు ఎక్కడినుండి తేవలెను? ఈ రెండు ప్రశ్నలను ప్రార్థనతోను లెక్కతోను కలిపి చూచుటకే ఈ నెల పాఠము.

1. కూర్చుండి లెక్కించుట

ప్రభువు ఈ ఉపమానమును శిష్యత్వమునకు తగులు వెలను గూర్చి చెప్పెను. అయినను దృష్టాంతమును సామాన్య జీవితమునుండియే తీసికొనెను. గోపురము కట్టగోరువాడు మొదట కూర్చుండును. తరువాతనే పునాది త్రవ్వును. పునాది వేసి విడిచిన గోడను చూచి దారిని పోవువారు నవ్వుదురు. మూడవ సంవత్సరమున ఫీజు కట్టలేక నిలిచిపోయిన చదువు అట్టి గోడయే. అందులో తండ్రి కష్టార్జితమును, బిడ్డ యౌవనమును రెండును పాతిపెట్టబడును.

లెక్క వేయుట అవిశ్వాసమని కొందరందురు. అది సరికాదు. ఏడు సంవత్సరముల కరవు రాకమునుపే యోసేపు ధాన్యమును కూర్చెను. అది దేవుడిచ్చిన జ్ఞానమే. యాకోబు గద్దించినది ఆలోచనను కాదు, దేవుని చిత్తమును మరచిన అతిశయమును.

2. దారి ఒకటి కాదు

మన చుట్టు మంగళపల్లి, శేరిగూడలలో ఇంజనీరింగు కళాశాలలు కండ్లయెదుట నిలిచియున్నవి. అందుచేత చదువనగా ఇంజనీరింగే అని మనవారు తలంతురు. నిర్గమకాండములో దేవుడు బెసలేలును తన ఆత్మతో నింపినది చేతిపని కొరకే అని జ్ఞాపకముంచుకొనుడి. ఏ వరము ఏ బిడ్డకు ఇయ్యబడినదో ముందు కనిపెట్టవలెను.

పదియవ తరగతి పిమ్మట ఇంటర్మీడియట్ ఒక్కటే మార్గము కాదు. పాలిసెట్ వ్రాసి మూడేండ్ల డిప్లొమా చదువవచ్చును. ఆ తరువాత ఈసెట్ ద్వారా ఇంజనీరింగు రెండవ సంవత్సరములో నేరుగా చేరవచ్చును. ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను, ఫిట్టరు పనులు నేర్చువాడు త్వరగా తన కాళ్లమీద నిలుచును. 2008లో నెలకొల్పబడిన బాసర ట్రిపుల్ ఐటీ పదియవ తరగతి ప్రతిభనుబట్టియే పిల్లలను ఆరేండ్ల చదువునకు తీసికొనుచున్నది.

ఇంటర్ పిమ్మట ఇంజనీరింగు, వ్యవసాయము, ఫార్మసీ చదువులకు ఎప్‌సెట్, వైద్యమునకు నీట్ పరీక్షలున్నవి. బి.ఏ., బి.కాం., బి.ఎస్‌సి. చదువులకు 2016 మొదలుకొని దోస్త్ అను ఒకే దరఖాస్తు విధానము నడుచుచున్నది. దోస్త్‌కు ఆధారుతో జోడింపబడిన ఫోను నంబరు కావలెను. లేనివారు ఫలితములకు ముందే ఆ పని చేయించుకొనుడి. ఐచ్ఛికములు ఇచ్చునప్పుడు ఒక్క కళాశాల పేరు వ్రాసి ఊరకుండరాదు. మనసుకు నచ్చిన క్రమములో అనేకము వ్రాయవలెను. సీటు వచ్చిన పిమ్మట గడువులోగా రిపోర్టు చేయనియెడల ఆ సీటు పోవును.

3. కాగితముమీద లెక్క

ఇంజనీరింగు ప్రైవేటు కళాశాలలలో నూటికి డెబ్బది సీట్లు కన్వీనరు కోటా, ముప్పది యాజమాన్యపు కోటా. యాజమాన్యపు సీటుకు ప్రభుత్వ ఫీజు రీయింబర్సుమెంటు రాదు. ఈ సంగతి తెలియక చేరినవారు తరువాత దుఃఖపడుదురు. గ్రామీణ బి.సి. కుటుంబమునకు సంవత్సరాదాయము రూ. 1,50,000 దాటరాదు. ఎప్‌సెట్‌లో 10,000 లోపు ర్యాంకు రాని బి.సి. విద్యార్థికి సంవత్సరమునకు రూ. 35,000 వరకే చెల్లింతురు.

ఒక ఉదాహరణ చూతము. కళాశాల ఫీజు ఏటికి లక్ష రూపాయలనుకొనుడి. ప్రభుత్వమునుండి 35,000 వచ్చినను మిగిలిన 65,000 మన చేతినుండియే పోవలెను. నాలుగేండ్లకు అది 2,60,000. దీనికి బస్సు, పుస్తకములు, పరీక్ష ఫీజులు కలుపవలెను. ప్రభుత్వపు సొమ్ము ఆలస్యముగా వచ్చుట కలదు. అప్పుడు కళాశాల వారు ముందుగా మనలనే అడుగుదురు. కాబట్టి మొదటి సంవత్సరపు ఫీజు మాత్రమే కాక నాలుగు సంవత్సరముల మొత్తమును వ్రాసి చూడుడి.

అప్పుచేయువాడు ఇచ్చినవానికి దాసుడగునని సామెతల గ్రంథము హెచ్చరించుచున్నది. నూటికి మూడు రూపాయల నెలవడ్డీకి తెచ్చిన లక్ష రూపాయలకు ఏటికి 36,000 వడ్డీయే అగును. బ్యాంకు విద్యా ఋణము దానికంటె ఎంతో మేలు. సాధారణముగా చదువు ముగిసిన యేడాది తరువాతనే దాని వాయిదాలు ఆరంభమగును. బాహ్యవలయ రహదారి వచ్చిన పిమ్మట మన ప్రాంతపు పొలములు ప్లాట్లయినవి. మిగిలిన కొద్దిపాటి భూమిని ఒక్క సీటు కొరకు అమ్మకమునుపు ఇంటిల్లిపాది కూర్చుండి ఆలోచింపవలెను. అమ్మిన భూమి తిరిగి రాదు.

4. పత్రములలో సత్యము

కుల, ఆదాయ ధ్రువపత్రములను మీసేవ ద్వారా ముందుగానే తీసికొనవలెను. పదియవ తరగతి మెమోలోని పేరు, ఆధారులోని పేరు ఒకటిగా ఉన్నవో లేవో చూడవలెను.

ఇక్కడ మన సంఘములకు ఒక కఠినమైన సంగతి కలదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, దాని తరువాతి సవరణల ప్రకారము షెడ్యూల్డు కులపు హోదా హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే చెందును. ఆ కులములనుండి క్రైస్తవులైనవారు మన రాష్ట్రమున బి.సి.–సి వర్గమువారు, వారికి 1 శాతము రిజర్వేషను కలదు. షెడ్యూల్డు తెగలవారికి మతమునుబట్టి ఈ నిబంధన లేదు. ఇది అన్యాయమని మన సంఘములు చాలకాలముగా మొరపెట్టుచున్నవి. ఆ మొర న్యాయమైనదే. అయినను ఆదివారము ఒక పేరును, కార్యాలయములో మరియొక పేరును ధరించుట బిడ్డ భవిష్యత్తును ప్రమాదములో పెట్టుటయే. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇట్టి వ్యవహారములోనే దరఖాస్తుదారుకు వ్యతిరేకముగా తీర్పు చెప్పెను. మేము ఎవరిని నిందించుటకు దీనిని వ్రాయుట లేదు. తెలిసి నిర్ణయించుకొనుడని మాత్రమే కోరుచున్నాము.

5. కుమార్తె పాలు

కుమారునికి యాజమాన్యపు సీటు, కుమార్తెకు ఇంటర్‌తో ముగింపు: ఈ లెక్క దేవుని యెదుట నిలువదు. సెలోపెహాదు కుమార్తెలు తమ పాలు అడిగినప్పుడు వారి మాట న్యాయమని యెహోవాయే తీర్పు చెప్పెను. కట్నము కొరకు దాచిన సొమ్ము చదువునకు వెచ్చించిన కుటుంబము నష్టపోదు. కట్నమును 1961 చట్టము నిషేధించుచున్నదని కూడ మరువరాదు.

6. ఫలితము తప్పినప్పుడు

2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితముల పిమ్మట మన రాష్ట్రమున ఇరువదిమందికి పైగా విద్యార్థులు ప్రాణములు తీసికొనిరి. తలిదండ్రులారా, ఫలితము వచ్చిన రాత్రి బిడ్డను ఒంటరిగా విడువకుడి. పొరుగు పిల్లలతో పోల్చకుడి. సప్లిమెంటరీ పరీక్ష కొన్ని వారములలోనే వచ్చును. నీతిమంతుడు ఏడుమారులు పడినను లేచునని లేఖనము చెప్పుచున్నది. మార్కులకంటె బిడ్డ ప్రాణము విలువగలది.

7. సంఘము చేయదగినది

1843లో రాబర్టు నోబిల్ దొరగారు బందరులో బడి తెరచినది మొదలు, 1885లో గుంటూరులో ఆరంభమైన క్రైస్తవ కళాశాల వరకు, మన పితరులు సువార్తతోకూడ విద్యను నాటిరి. బోర్డింగు బడులలో చదువుకొన్నవారి సంతానమే మనలో అనేకులు. ఇప్పుడు మన వంతు వచ్చినది. ఫలితముల తరువాతి ఆదివారమున ఆరాధన ముగియగానే, చదివిన యౌవనులు మందిరములోనే కూర్చుండి దరఖాస్తులు నింపుటకు సహాయపడవచ్చును. కోతకాలపు కానుకలో ఒక భాగమును దరఖాస్తు రుసుములకును, మొదటి నెల బస్సు పాసులకును కేటాయింపవచ్చును. ఇది గొప్ప సొమ్ము కాకపోయినను, సమయమునకు అందిన సహాయము.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన బిడ్డకు దేవుడిచ్చిన వరమేది? మనము అతనినిగాని ఆమెనుగాని ఎన్నడైన అడిగితిమా?
2. చదువు ముగియువరకు అగు మొత్తమును కాగితముమీద వ్రాసితిమా?
3. మన సంఘములో ఈ యేడు సహాయము కావలసిన ఇల్లు ఏది?

ప్రార్థన: పరలోకమందున్న మా తండ్రీ, మా బిడ్డలు నీవిచ్చిన స్వాస్థ్యము. వారి దారిని ఎన్నుకొనుటకు మాకు జ్ఞానమును, వెలను లెక్కించుటకు నెమ్మదిని, కొదువ కలిగినప్పుడు ఒకరినొకరు ఆదుకొను ప్రేమను దయచేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.