కొత్త ట్యాబ్, మొదటి వారం

ట్యాబ్ పెట్టె విప్పే సాయంత్రం మన ఇళ్లలో చిన్న పండగే. పిల్ల అట్టపెట్టె మీది ప్లాస్టిక్ పొర ఒలుస్తుంటే తమ్ముడు భుజం మీంచి తొంగిచూస్తాడు. అమ్మ పొయ్యి సిమ్‌లో పెట్టి వస్తుంది. నాన్న మాత్రం ఏమీ పట్టనట్టు కుర్చీలో కూర్చుని బిల్లు మడతపెడుతుంటాడు. డబ్బు కట్టింది ఆయన కదా, ఆయన చూసేది ట్యాబ్‌ని కాదు, పిల్ల మొహాన్ని. గంట గడిచేసరికి రెండు మాటల్లో ఏదో ఒకటి వినపడుతుంది: "సూపర్ నాన్నా!" అనో, "ఇదేంటి, ఇంత స్లోగా ఉంది?" అనో.

ఆ రెండిట్లో ఏ మాటనీ వెంటనే నమ్మకండి. ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నది అందుకే.

మా చెల్లెలి కూతురు ఏడో తరగతిలో ఉన్నప్పుడు నేనే దుకాణానికి వెళ్లి తక్కువ ధరలో ఓ ట్యాబ్ కొనిచ్చాను. రెండోరోజే ఫోన్ చేసింది. "మావయ్యా, నొక్కితే పలకట్లేదు. నా వేళ్లకి చెమట పట్టడం వల్లనంటావా?" అంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత మనసు కలుక్కుమంది. యంత్రం మందకొడిదైతే పిల్ల తన వేళ్లని అనుమానించింది. పెద్దవాళ్లం మనం అలా అనుకోం, కొట్టువాణ్ణి తిడతాం. పిల్లలు మాత్రం తమకే చేతకావడం లేదనుకుంటారు. దీనికి పూర్తిగా ఉల్టా పిల్లలూ ఉంటారు, లెక్క రాకపోతే ట్యాబ్ బాగాలేదంటారు. పనిచేయనిది యంత్రమా, రానిది పిల్లకా అన్నది విడదీసి చెప్పగలిగేది పక్కన కూర్చున్న పెద్దవాళ్లే. మొదటి వారంలో తల్లిదండ్రులకున్న అసలు పని అదే.

ఈ విషయంలో దేశం మొత్తానికీ ఒకసారి ఇలాంటి మొదటి వారమే గడిచింది. గుర్తుందా, ఆకాశ్ ట్యాబ్? 2011 అక్టోబర్ 5న ఢిల్లీలో అప్పటి కేంద్ర మానవ వనరుల అభివృద్ధి శాఖ మంత్రి కపిల్ సిబల్ దాన్ని విడుదల చేశారు. డేటావిండ్ అనే కంపెనీ తయారీ, కూర్చింది మన హైదరాబాద్‌లో. ప్రభుత్వం ఒక్కోదానికి కట్టిన ధర 2,276 రూపాయలు. అందులో సగం సబ్సిడీగా ఇచ్చి, మిగతా సగానికే విద్యార్థుల చేతిలో పెట్టాలన్నది ఆలోచన. బజార్లో అమ్మే రకానికి యూబీస్లేట్ అని పేరు. స్లేట్ అంటే మన పలకే. పలకా బలపంతో అక్షరాలు దిద్దిన తరం కదా మాది, ఆ పేరు వినగానే ముచ్చటేసింది. ప్రపంచంలోకెల్లా చవకైన ట్యాబ్ అని పత్రికలు రాశాయి, లక్షల మంది ఆన్‌లైన్లో బుక్ చేసుకున్నారు.

తర్వాత అది చేతికొచ్చినవాళ్ల మాటలు మొదలయ్యాయి. నిదానం అన్నారు, వేడెక్కుతోందన్నారు, ఛార్జింగ్ మూడు గంటలైనా ఆగట్లేదన్నారు. అన్నిటికంటే ఎక్కువగా, తెర నొక్కితే పలకట్లేదన్నారు. ఆ మాటల్లో అబద్ధం లేదు. ఏడంగుళాల ఆ తెర రెసిస్టివ్ రకం. అందులో పల్చటి పొరలు రెండుంటాయి. వేలితో నొక్కితే పై పొర వంగి కింది పొరకు తగలాలి, అప్పుడుగానీ ఎక్కడ నొక్కామో యంత్రానికి తెలీదు. మెత్తగా తాకితే పలకదు, గోటితో గుచ్చితే పలుకుతుంది. మనం ఫోన్లలో వాడేది కెపాసిటివ్ తెర. వేలు తగిలినప్పుడు తెర మీది విద్యుదావేశంలో వచ్చే మార్పును అది పసిగడుతుంది, కాబట్టి తాకితే చాలు. ఇక లోపల 366 మెగాహెర్ట్జ్ ప్రాసెసరు, 256 ఎంబీ ర్యామ్. ఒంటెద్దు బండికి రెండెడ్ల బరువు ఎత్తితే ఎలా నడుస్తుందో అదీ అలాగే నడిచింది.

అప్పుడు చాలామంది దాన్ని పనికిరాదని పక్కన పెట్టేశారు. కానీ ఆ సణుగుళ్లు వృథా పోలేదు. ఏడాది దాటాక, 2012 నవంబర్ 11న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆకాశ్-2ని విడుదల చేశారు. అందులో కెపాసిటివ్ తెర వచ్చింది, ప్రాసెసరు ఒక గిగాహెర్ట్జ్ అయింది, ర్యామ్ 512 ఎంబీకి పెరిగింది. జనం వేలెత్తి చూపిన లోపాల్లో ముఖ్యమైనవే సరిచేశారన్నమాట, అదీ దాదాపు అదే ధరకి.

వేలెత్తి చూపని లోపాల సంగతే నన్ను ఇప్పటికీ ఆలోచింపజేస్తుంది. ఆనాటి ఆండ్రాయిడ్ 2.2లో తెలుగు అక్షరాలు సరిగ్గా వచ్చేవి కావు. ఆ రోజుల్లో ఫోన్లో తెలుగు తెరిచినవాళ్లకి వరసగా కనిపించిన ఖాళీ డబ్బాలు గుర్తుండే ఉంటాయి. తెలుగు మీడియం పిల్లవాడు ఆ పలక మీద ఏం చదవాలి? పాఠం ఎవరు పెట్టాలి, పక్కన ఎవరు కూర్చోవాలి? మొదటి వారం కబుర్లలో ఈ ప్రశ్నలు పెద్దగా వినపడలేదు. తెర గురించీ బ్యాటరీ గురించీ అందరికీ తెలుసు, అందరూ మాట్లాడారు. 2015 నాటికి ఆ పథకమే ముగిసిపోయింది.

పెరూ దేశంలో ఇంకా పెద్ద ఎత్తున చేసి చూశారు. వంద డాలర్ల లాప్‌టాప్ అని పేరుపడ్డ యంత్రాల్ని (నిజానికి ధర దాదాపు రెండింతలైంది) పల్లెబడుల పిల్లలకి పంచారు. 319 బడుల్లో జరిపిన పరిశీలన ఫలితాలు 2012లో వచ్చాయి. పిల్లలు యంత్రం బాగానే వాడారు, లెక్కల్లోనూ భాషలోనూ మార్కులు మాత్రం పెరగలేదు. నేను దీన్ని యంత్రాలకి వ్యతిరేకంగా చెప్పడం లేదు. పంచడంతో పని అయిపోయిందనుకుంటే ఏమవుతుందో చెబుతున్నాను. మనింట్లో జరిగేదీ అదేగా! కొనిచ్చాం, ఇక చదువుకుంటుందిలే అనుకుంటాం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. కాస్త కష్టమైన విషయం.

ఈఎంఐ మీద కొన్నారనుకోండి, లేదా చీటీ పాడి ఆ డబ్బుతో కొన్నారనుకోండి. పిల్ల దాన్ని పట్టుకుని "మా ఫ్రెండ్ వాళ్ల ఐప్యాడ్ ఇలా ఆగదు" అంటుంది. ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. నోటిదాకా వచ్చే జవాబు కూడా తెలుసు: "నీకోసం అప్పు చేసి కొన్నాను, దాని విలువ తెలుసా నీకు?" దయచేసి ఆ మాట అనకండి. అంటే ఇక ఆ ట్యాబ్ వస్తువుగా మిగలదు, పిల్ల మీద బాకీగా మారుతుంది. తర్వాత నిజంగా ఏదైనా పాడైనా మీకు చెప్పదు. తెర పగిలితే దాచిపెడుతుంది. ఇంకా ముఖ్యంగా, అందులో చూడకూడనిదేదో కనబడి భయపడినా, తెలియనివాడెవడో మెసేజ్ పెట్టినా మీ దగ్గరికి రాదు. ఆ దారి మూసుకుపోకూడదు.

అలాగని "మన తాహతు ఇంతే" అని నిట్టూర్చకండి. నిజం ఉన్నదున్నట్టు చెబితే పిల్లలు అర్థం చేసుకుంటారు. "దీని ధర ఇంత, దానిది ఇన్ని రెట్లు. అందుకే ఇది నిదానం. నీకు కావలసిన పని ఇది చేస్తుందో లేదో ఇద్దరం చూద్దాం" అంటే చాలు. మా మేనకోడలికి నేను చెప్పింది ఇంతే: "నీ వేళ్ల తప్పు కాదమ్మా, దానికి ర్యామ్ తక్కువ." ర్యామ్ అంటే ఏమిటని అడిగింది. వంటగట్టు అన్నాను. గట్టు చిన్నదైతే ఒకేసారి నాలుగు గిన్నెలు పెట్టలేం, ఒకటి దించి ఇంకోటి ఎక్కించాలి కదా అన్నాను. ఆ తర్వాత తనే అక్కర్లేని యాప్‌లన్నీ తీసేసి, "గట్టు ఖాళీ చేశా మావయ్యా" అని మెసేజ్ పెట్టింది. అప్పట్నుంచి స్లో అన్న ఫిర్యాదు మళ్లీ వినలేదు.

ఇంకా కొననివాళ్లకి రెండు మాటలు. ఇప్పటి యాప్‌ల బరువుకి 2 జీబీ ర్యామ్ ట్యాబ్ కొనడం నా ఉద్దేశంలో డబ్బు దండగ. కనీసం 4 జీబీ ఉండేట్టు చూడండి. పేరూ ఊరూ లేని కంపెనీ ట్యాబ్‌లు కొన్నిట్లో సెట్టింగ్స్‌లో కనిపించే అంకెలు కూడా నిజమైనవి కావు. కొనేముందు ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో పరికరం సర్టిఫై అయినట్టు ఉందా లేదా అని కొట్లోనే చూపించమనండి, మొహమాటపడకండి. మీ ఊళ్లోనో దగ్గరి పట్టణంలోనో సర్వీస్ సెంటర్ ఉందో లేదో కనుక్కోండి. తెర సైజు సంగతి ఎవరూ చెప్పరు గానీ అదే ముఖ్యం: పాఠ్యపుస్తకం పీడీఎఫ్ ఏడెనిమిది అంగుళాల తెర మీద చీమల బారులా కనిపిస్తుంది. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషు ఉండే పుస్తకమైతే మరీను. చదువుకోసమే అయితే పదంగుళాలది తీసుకోండి, కెమెరా తక్కువ రకమైనా ఫర్వాలేదు. ఛార్జింగ్‌లో పెట్టి దిండు మీద వాడుకునే అలవాటు మొదటి రోజునే మాన్పించండి.

సర్కారు బడి పిల్లలున్న కొన్ని ఇళ్లకి కొనాల్సిన అవసరమే లేకుండా ట్యాబ్ వచ్చింది. 2022 డిసెంబర్ 21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ, వాళ్ల టీచర్లకీ కలిపి అయిదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. నెట్ లేకపోయినా నడిచేలా పాఠాలు ముందే ఎక్కించి ఇచ్చారు. ఆకాశ్ నాడు లేనిది అది. ఉచితంగా వచ్చినా కొన్నా, నెల తర్వాత ఇంట్లో జరిగేది ఒకటే అని నా అనుభవం.

మొదటి వారం మాటలు నమ్మకుండా నెల తర్వాత చూడమనేది అందుకే. పిల్ల ఎన్ని గంటలు చూసిందో కాదు, ట్యాబ్ పక్కన నోట్‌బుక్ తెరిచి ఉందో లేదో చూడండి. పెన్ను మూత తీసి ఉంటే ఆ ట్యాబ్ పనిచేస్తున్నట్టే, ఎంత నిదానమైనా సరే. నోట్‌బుక్ కనబడక, ఇయర్‌ఫోన్లు మాత్రమే కనిపిస్తే ఎంత వేగమైన ట్యాబైనా అది టీవీయే. గంటల లెక్క అక్కర్లేదని కాదు. రెండేళ్లలోపు పసివాళ్లకి తెరే వద్దనీ, రెండు నుంచి అయిదేళ్ల వాళ్లకి రోజుకి గంట మించొద్దనీ, అయిదు నుంచి పదేళ్ల వాళ్లకి రెండు గంటల లోపేననీ మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, చెబుతోంది. అన్నం తినిపించడానికి ట్యాబ్ ముందు పెట్టే అమ్మమ్మలూ నానమ్మలూ మన్నించాలి. గూగుల్ వాళ్ల ఫ్యామిలీ లింక్ పెట్టుకుంటే టైమ్ దానంతటదే కట్టవుతుంది. కానీ అది పెడుతున్నట్టు పిల్లకి చెప్పి, తన ముందే పెట్టండి. దొంగచాటుగా వేసిన తాళం ఎప్పటికైనా తెలుస్తుంది, ఆ రోజున పోయేది తాళం ఒక్కటే కాదు.

లాక్కోవడం గురించి కూడా చెప్పాలి. పరీక్షల్లో మార్కులు తగ్గగానే ట్యాబ్ బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లున్నారు. వాళ్ల ఆవేదన అర్థమవుతుంది. అయితే అదే చేతిలో వాళ్ల ఫోన్ రాత్రి పదకొండు దాకా వెలుగుతుంటే, పిల్లలు ఆ వెలుగుని చూస్తూనే ఉంటారు. అన్నం తినేటప్పుడు ఇంట్లో ఎవరి చేతిలోనూ తెర ఉండకూడదని నియమం పెట్టుకోండి. అది ముందు మనకి కష్టంగా ఉంటుంది, నాకూ ఉంది.

మంచి సరుకు కూడా ఉంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల పాఠ్యపుస్తకాల్లో పాఠం పక్కన ఉండే నలుపూ తెలుపూ గళ్ల చదరం చూసే ఉంటారు. అది క్యూఆర్ కోడ్. దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలో, అభ్యాసాలో తెరుచుకుంటాయి. తెలంగాణ టి-శాట్ పాఠాలు యాప్‌లో దొరుకుతాయి. చిన్నపిల్లలకైతే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలున్నాయి, ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా చదువుకోవచ్చు. రాత్రి పడుకోబోయే ముందు అందులో ఒక కథ పిల్ల చేత పైకి చదివించి వినండి. ఎక్కడ తడబడుతుందో మీకు తెలుస్తుంది, ఏ యాప్ రిపోర్టూ ఇంత బాగా చెప్పదు.

చాలామంది తల్లులు "మాకేం తెలుసండీ, వాళ్లకే అన్నీ వచ్చు" అంటారు. రాకపోవడమే మీకు కలిసొస్తుంది. నేర్పించమని పిల్లనే అడగండి. ఎనిమిదేళ్ల పిల్ల కూడా అమ్మకి నేర్పాలంటే ఎంత ఓపిక పడుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. ఈ ఆదివారం ఒక పని చేయండి. పాఠ్యపుస్తకం తెరిచి, ఏదో ఒక పాఠం దగ్గరున్న ఆ గళ్ల చదరాన్ని మీరే స్కాన్ చేయడానికి ప్రయత్నించండి. రాకపోతే పిల్లని పిలిచి, "ఇది ఎలా తెరవాలో కాస్త చూపించమ్మా" అనండి.