టపాల మధ్య ఖాళీని లెక్కగట్టేవారికి

ఏ బ్లాగు ఎన్నాళ్లకోసారి రాస్తోందో కనిపెట్టే పనిముట్టు తయారుచేస్తామంటూ కుర్రాళ్లు వస్తుంటారు. వాళ్లకు నేను చెప్పే మాటలివి.

1. ఫీడును చదవండి, పేజీ జోలికి పోవద్దు. మూస మారిన రోజున పేజీని నమ్ముకున్న కోడంతా కుప్పకూలుతుంది. ఫీడు రూపాల్లో ఆర్‌ఎస్‌ఎస్ 2.0 వచ్చింది 2002లో, ఆటమ్ ప్రమాణం 2005లో. 2013 జూలైలో ఫీడ్లు చదివిపెట్టే గూగుల్ రీడర్ మూతపడ్డాక ఫీడ్ల కాలం చెల్లిందన్నారు. అయినా బ్లాగర్, వర్డ్‌ప్రెస్ ఇవాళ్టికీ ఫీడు ఇస్తూనే ఉన్నాయి.

2. తేదీల దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకోండి. ఆటమ్‌లో ప్రచురించిన తేదీ వేరు, సవరించిన తేదీ వేరు. ఆర్నెల్లుగా కొత్తగా ఏమీ రాయని మనిషి ఓ ఆదివారం కూర్చుని పాత టపాల్లో అచ్చుతప్పులు దిద్దుకున్నాడనుకోండి. సవరణ తేదీని పట్టుకుంటే ఆయన ఒక్కరోజే డజను టపాలు రాసినట్టు తేలుతుంది. టపాను గుర్తుపట్టడానికి దాని ఐడీనే వాడండి, శీర్షికలు మారిపోతుంటాయి. ఇంకోటి, మన దగ్గర తెల్లవారుజామున రెండింటికి వేసిన టపా యూటీసీ ప్రకారం ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరది. యూటీసీలోనే దాచి, చూపించేటప్పుడు మార్చండి.

3. ఫీడులో కనిపించేదే చరిత్ర అనుకోవద్దు. సెట్టింగు మార్చకపోతే వర్డ్‌ప్రెస్ తాజా పది టపాలే ఇస్తుంది. మొదటిరోజు నుంచీ మీ డేటాబేసులో మీరే పోగుచేసుకోవాలి.

4. ఎదుటివాడి సర్వరును సతాయించవద్దు. గతసారి సర్వరు ఇచ్చిన ఈట్యాగ్‌ను తిరిగి పంపి అడిగితే, కొత్తదేమీ లేనప్పుడు 304 అని చిన్న జవాబొస్తుంది, ఫీడంతా మళ్లీ దింపుకోనక్కర్లేదు. నెలకోసారి రాసేవారిని పది నిమిషాలకోసారి అడగడం మర్యాద కాదు.

5. సగటును ఒంటరిగా నమ్మవద్దు. అసలు కష్టమంతా ఇక్కడే. ఒకావిడ వరుసగా ఐదు రోజులు రాసి, తొంభై రోజుల తర్వాత ఆరో టపా వేసిందనుకోండి. మధ్య ఖాళీలు ఒకటి, ఒకటి, ఒకటి, ఒకటి, తొంభై. సగటు 18.8 రోజులు. మధ్యగతం ఒక్కరోజు. మొదటిది చూస్తే మూడు వారాలకోసారి రాస్తుందనుకుంటాం, రెండోది చూస్తే రోజూ రాస్తుందనుకుంటాం. ఆవిడ ఈ రెండూ చేయలేదు. తోచినప్పుడు కుండపోతగా రాసి, తర్వాత ఊరుకునే తత్వం ఆవిడది. చాలామంది రాసేది ఇలాగే. అందుకే మధ్యగతంతోపాటు అన్నిటికన్నా పెద్ద ఖాళీనీ, చివరి టపా తేదీనీ పక్కపక్కనే చూపించండి. వాటన్నిటినీ కలిపి ఒక్క మార్కుగా మార్చే ఆలోచన మానుకోండి.

6. వేగాన్నిబట్టి ర్యాంకులు ఇవ్వవద్దు. ఈ విషయంలో నాకు గట్టి పట్టుదలే ఉంది. కూడలి, జల్లెడ, హారం, మాలిక వంటి సంకలినులు తెలుగు బ్లాగులను ఒకచోట చేర్చి గొప్ప మేలు చేశాయి. అయితే తాజా టపా పైన ఉండే ఏ జాబితాలోనైనా రోజుకు మూడు రాసేవారు ఎప్పుడూ కళ్లముందే ఉంటారు. శాసనాల గురించో, ఊరి చెరువు గురించో మూడు నెలలు చదివి ఒక్కటి రాసినవారు పూట గడవకుండానే అడుగుకు జారిపోతారు. మీ పనిముట్టు దగ్గర ఎవరి పాత లెక్క వారిది ఉంటుంది కదా, దాన్ని ఇక్కడ వాడండి. మూడు నెలలకోసారి రాసేవారి కొత్త టపాను వారం రోజులైనా పైన నిలపండి. ఏడాదిగా రాయనివారి పేరును జాబితాలోంచి తీసేయకండి. వారానికోసారైనా ఆ ఫీడును అడుగుతూనే ఉండండి. నాలుగేళ్ల తర్వాత మళ్లీ రాసినవారిని నేనెరుగుదును.